గౌరిని తల వంచి చూడమనలేదు

కక్కలేక, మింగలేక ఏడేళ్ళు మోశాను దీన్ని. మా ఆయనకి చెప్పలేదు. మా అక్కకి చెప్పలేదు. ఆదివారం చర్చిలో మోకరించినప్పుడు కూడా చేసిన పాపాలన్నీ గంపగుత్తగా ఒప్పేసుకుని లేచి వచ్చేదాన్ని తప్ప, దీన్ని విడిగా పేరు పెట్టి చెప్పడానికి నోరు రాలేదు. దేవుడికి ఎలాగూ తెలుసు కదా అని సర్దిచెప్పుకునేదాన్ని. అదే నిజమైతే ఆయనకి చెప్పడానికి అంత భయం ఎందుకు?

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. అయినా ఈ నాలుగు ముక్కలు రాసేసరికే రెండుసార్లు లేచి తలుపు గడియ వేసి ఉందో లేదో చూసి వచ్చాను. పట్టపగలు, ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

అనకాపల్లిలో నాకొక బ్యూటీ పార్లర్ ఉంది. ఫేషియల్, ఐబ్రోస్, మెహందీ అన్నీ చేస్తాను గానీ నాకు పేరొచ్చింది పూలజడల వల్ల. మాఘమాసం వచ్చిందంటే రోజుకి ఇద్దరు, ముగ్గురు పెళ్ళికూతుళ్ళు. ఈ పనిలో నాకో నియమం ఉంది. జడ ఆఖరి ముడి వేసే ముందు పెళ్ళికూతుర్ని తల వంచి చూడమంటాను. తల ఎత్తుకుని కూర్చున్నంతసేపూ ఎంత బిగించినా తెలియదు. వంచేసరికి మెడ వెనక వెంట్రుకలు కుదుళ్ళతో సహా లాగుతాయి. తాళి కట్టించుకోడానికి వంచాలి, అత్తమామల కాళ్ళకి దణ్ణం పెట్టడానికి వంచాలి. వంచిన పిల్ల "అబ్బా" అందంటే, ముహూర్తం మించిపోతున్నా సరే, విప్పేసి మళ్ళీ అల్లుతాను. నా దగ్గరికి వచ్చిన ఏ పిల్ల విషయంలోనూ ఈ నియమం తప్పలేదు.

ఒక్క గౌరి విషయంలో తప్పాను. గౌరి ఆడపిల్ల కాదు. గుర్రం.

గౌరిని పెంచిన సూరిబాబు బాబాయిది కొండకర్ల. వరసకి బాబాయి కాదు, పెళ్ళిళ్ళలో తరచూ ఎదురుపడేవాళ్ళం కాబట్టి అలా పిలవడం అలవాటైంది. మొదట్లో విశాఖ బీచిలో గుర్రం మీద పిల్లల్ని తిప్పేవాడు. పెళ్ళికొడుకుని గుర్రమెక్కించి ఊరేగించే సరదా మావైపు కూడా మొదలయ్యాక ఊరొచ్చేశాడు. తెల్లటి గుర్రం కాబట్టి గౌరి అని పేరు పెట్టుకున్నాడు. పిల్లల్లేని మనిషి, దాన్ని కూతురిలా చూసుకునేవాడు. దానికో విద్య కూడా నేర్పాడు. ఫంక్షన్ హాలు గుమ్మంలో పెళ్ళికొడుక్కి హారతి ఇచ్చేటప్పుడు బాబాయి మెడ మీద తడితే చాలు, అది ముందుకాలు చాపి తల నేలకి వంచి దణ్ణం పెట్టేది. జనం ఫోన్లు తీసుకుని ఎగబడేవాళ్ళు.

ఏడేళ్ళ కిందట ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి పిన్నికి ఒక కోరిక పుట్టింది. పెళ్ళికూతురి జడ ఎలా ఉందో గుర్రం జూలు కూడా అలాగే అల్లాలట. వీడియో తీసే అబ్బాయి ఎక్కడిదో ఫోటో చూపించాడు. నున్నటి నల్లగుర్రం, మెడ పొడుగునా చిన్న చిన్న జడలు, ఒక్కో జడకీ ఓ గులాబీ. నాకు నవ్వొచ్చింది. తరవాత ఆశ పుట్టింది. ఇలాంటిది ఈ జిల్లాలో ఎవరూ చేసి ఉండరు, నా పేరు మోగిపోతుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే పిన్ని రెండోసారి అడగక్కర్లేకపోయింది.

పెళ్ళిరోజు పొద్దున్న తొమ్మిదింటికి గౌరి దగ్గరికి వెళ్ళాను. దాని జూలు ఒత్తు. ఒకచోట పొడుగు, ఒకచోట పొట్టి, మధ్యలో చిక్కులు. జడలు సన్నగా రావాలంటే ముందు జూలు పలచబడాలి. ముందురోజు ఫోన్లో చూసి నేర్చుకున్నాను. పొడుగు వెంట్రుకలు కొన్ని పట్టుకుని దువ్వెనకి చుట్టి ఒక్క గుంజు గుంజితే కుదుళ్ళతో ఊడొస్తాయి. అలా గుప్పెడు తరవాత గుప్పెడు. మొదటిసారి గుంజగానే గౌరి తల పైకి విసిరింది. రెండోసారికి చెవులు వెనక్కి వాల్చేసింది. కింది పెదవి బిగబట్టింది. ఈగ వాలినట్టు భుజం మీద చర్మం జలదరించింది. అక్కడ ఈగ లేదు. పగ్గం పట్టుకుని నిలబడిన బాబాయి ఇదంతా చూస్తున్నాడు.

"దానికి నొప్పెడతన్నట్టుందమ్మా," అన్నాడు. "సూడు, సెవులెలా ఎనక్కెట్టేసిందో. ఎప్పుడూ అలా పెట్టదు."

"జూలుకి నొప్పి తెలీదు బాబాయ్. గుర్రాల వాళ్ళందరూ ఇలాగే లాగుతారంట, ఫోన్లో చూసేను. మన జుట్టు లాంటిది కాదది."

ఆయన గౌరి నుదుటి మీద చెయ్యి వేసి రాశాడు.

"నువ్వు సదువుకున్నదానివి. నీకు తెలుత్తాది," అన్నాడు.

పన్నెండేళ్ళు దానితో బతికిన మనిషి తన కళ్ళని నమ్మకుండా నా మాట నమ్మాడు. నాకేం తెలుసు? గుర్రాన్ని ముట్టుకోవడం అదే మొదలు. మరి అంత గట్టిగా ఎలా చెప్పాను? 

జడలు అల్లాను. పద్నాలుగో పదిహేనో. రబ్బరు బ్యాండ్లు వేసి, మడిచి, దారంతో కుట్టి, గులాబీలు గుచ్చాను. దాదాపు అంతసేపూ బాబాయి దాని తల ఎత్తి పట్టుకునే ఉన్నాడు. అయిపోయాక ఎదరికొచ్చి చూసుకుని మురిసిపోయాను. గౌరిని తల వంచి చూడమనలేదు. హడావుడిలో మరిచిపోయానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

ఊరేగింపు హాలు గుమ్మానికి వచ్చేసరికి పదకొండు దాటింది. బ్యాండు మేళం హోరెత్తుతోంది, బాణాసంచా కాలుస్తున్నారు. ముత్తయిదువలు హారతి పట్టుకొచ్చారు. బాబాయి అలవాటు ప్రకారం మెడ మీద తట్టాడు. గౌరి ముందుకాలు చాపింది. తల వంచింది. సగం వంచిందో లేదో ఎవరో కొరడాతో కొట్టినట్టు తల ఎగరేసి వెనక కాళ్ళ మీద లేచిపోయింది. పెళ్ళికొడుకు జారాడు గానీ స్నేహితులు పట్టుకున్నారు, ఏమీ కాలేదు. బాబాయి పగ్గం వదల్లేదు. వదిలి ఉంటే తప్పించుకునేవాడు. గౌరి దిగడం ఆయన కుడి మోకాలి మీద దిగింది.

ఆ చప్పుడు గురించి రాయలేను.

నేను ఏం చేశానో చెప్తాను. అందరూ వెనక్కి పరిగెత్తుతుంటే నేను ఎదరికి పరిగెత్తాను. చేతిలో కత్తెర ఉంది. గౌరి గోడవారకి పోయి వణుకుతూ నిలబడింది. దాని మెడ పక్కకి చేరి బ్యాండ్లు తెంపడం మొదలెట్టాను. జడలు విప్పేసరికి జూలు కుదుళ్ళ దగ్గర చర్మం ఉబ్బి, అక్కడక్కడ ఆవగింజంత నెత్తురు బొట్లు. తెల్లటి చర్మం మీద ఎర్రగా కనబడుతున్నాయి. గులాబీ రేకులు నలిపి వాటి మీద రాశాను, రంగులో రంగు కలిసిపోతుందని. అంత తెలివి ఆ క్షణంలో ఎక్కడినుంచి వచ్చిందో నాకు అంతుపట్టదు. ఆఖరి బ్యాండు తెగగానే గౌరి పెద్దగా ఊపిరి వదిలి తల నెమ్మదిగా కిందికి, నా మోకాళ్ళ దాకా దించేసింది. అప్పుడు తెలిసిపోయింది నాకు. ఇంక అనుమానమనేదే లేదు.

చుట్టూ ఉన్నవాళ్ళకి కనబడింది వేరు. బెదిరిన గుర్రం దగ్గరికి ఒక ఆడమనిషి ధైర్యంగా వెళ్ళి శాంతపరిచింది. పెళ్ళికూతురి తండ్రి నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. తీసుకున్నాను ఆ దణ్ణం.

బాణాసంచాకి బెదిరిందని కొందరన్నారు. సూరిబాబు తాగి వచ్చాడని కొందరన్నారు. చుక్క ముట్టని మనిషి. పక్కన నిలబడి విన్నాను. కాదనలేదు. ఆస్పత్రికి బత్తాయిలు పట్టుకుని వెళితే బాబాయి నాకే ధైర్యం చెప్పాడు. నా చెయ్యి చల్లని చెయ్యి అన్నాడు. తన చేతిలో పెరిగింది తననే తొక్కిందని, తన చెయ్యే మంచిది కాదని గోడకేసి తిరిగి పడుకున్నాడు. నెల తిరక్కుండా గౌరిని ఎవరో బేరగాడికి అమ్మేశాడు. దాని ముఖం చూడలేనన్నాడట.

అప్పటినుంచి భయమే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉండేది నా బతుకు. ఆ పెళ్ళి వీడియోలో నేను రేకులు నలిపి రాయడం పడిందేమోనని భయం. ఆ ఇంటివాళ్ళు బజార్లో కనబడితే పక్క సందులోకి తిరిగిపోయేదాన్ని. బ్యాండు మేళం వినబడితే పార్లరు షట్టరు సగం దించేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక పశువుల డాక్టరుగారిని అడిగాను, మా మేనల్లుడి స్కూలు ప్రాజెక్టు కోసమని అబద్ధమాడి. గుర్రానికి జూలు లాగితే నొప్పి ఉంటుందాండీ అని. ఈగ వాలితే తెలిసే చర్మానికి వెంట్రుక పీకితే తెలియదా అమ్మా అన్నాడాయన. కొన్ని ఊరికే నిలబడతాయి, నిలబడ్డాయి కదా అని నొప్పి లేదనుకోకూడదు అని కూడా అన్నాడు. థాంక్సండీ అని బయటికొచ్చి స్కూటీ స్టార్టు చేయలేక తోసుకుంటూ నడిచాను.

పోయిన నెల బాబాయి ఫోన్ చేశాడు. పేరు చూడగానే తెలిసిపోయిందనుకున్నాను. అది కాదు. ఆయన మేనల్లుడు గుర్రం కొన్నాడట, పెళ్ళిళ్ళకి తిప్పుతాడట, నీ చల్లని చేత్తో మొదటిసారి జడలు నువ్వే వెయ్యాలమ్మా అన్నాడు.

వెళ్ళాను. కర్ర ఊతంతో ఎదురొచ్చాడు. వసారాలో గోధుమరంగు గుర్రం ఒకటి గడ్డి నములుతోంది. దాన్ని చూడగానే అక్కడే అరుగు మీద కూలబడి చెప్పేశాను. జడలు బిగిపోయాయని, తల వంచేసరికి లాగేశాయని, గౌరి అందుకే ఎగిరిందని. దీనికి జడలూ వద్దు, పీకడమూ వద్దు, కింది నుంచి పైకి చిక్కు తీసుకుంటూ దువ్వితే చాలని. కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండుననుకున్నాను.

ఆయన కర్ర గోడకి ఆనించి నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"అయితే దానికి నామీద కోపం లేదన్నమాట," అన్నాడు.

తరవాత లోపలికి వెళ్ళి పాత ఫోన్ ఒకటి తెచ్చి, బేరగాడి నంబరు వెతికి చేశాడు. ఆ నంబరు వాడుకలో లేదని వచ్చింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే. ఫోన్ పక్కన పెట్టి నా వైపు చూశాడు. నేను ఏడుస్తున్నాను. నా తల మీద చెయ్యి వేశాడు.

"ఊరుకోమ్మా. తెలీక సేసేవు. తెలిసి ఎవులు సేత్తారు?"

తల ఊపాను. కళ్ళు తుడుచుకుని, ఆయన భార్య ఇచ్చిన టీ తాగి ఇంటికొచ్చేశాను.

బాబాయికి చెప్పనిది ఇది. ఆ పెళ్ళిరోజు ఆఖరి జడ ఒకటి మిగిలి ఉంది. బాబాయి గౌరికి నీళ్ళు తేవడానికి వెళ్ళాడు, పగ్గం వీడియో అబ్బాయి చేతికిచ్చి. గౌరి తల విదిలించింది. నా దువ్వెన ఎగిరి పేడలో పడింది, నోటి సొంగ నా కొత్త పట్టుచీర మీద పడింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ పొగరు అణుస్తానుండు" అన్నాను. గుర్రంతో అన్నాను, పళ్ళ బిగువున. గుప్పెడు జూలు మెలితిప్పి పట్టుకుని, నా బలం కొద్దీ లాగి ఆ జడ వేశాను. కుదుళ్ళు తెగడం వేళ్ళకి తెలిసింది. దానికి నొప్పి పుడుతోందని తెలిసింది. పుట్టాలనే లాగాను. ఇంకా బిగించాను. అప్పుడది కదలడం మానేసింది. కన్ను తెల్లగుడ్డు కనబడేలా నావైపు తిప్పి, కదలకుండా నిలబడింది. లొంగిందనుకున్నాను.

తెలిసి ఎవరు చేస్తారని అడిగాడు ఆయన. నేను చేశాను. ఆ మాట ఆయన ముఖం మీద చెప్పలేకపోయాను, చెప్పగలనని ఇప్పటికీ నమ్మకం లేదు. మీరు నన్ను క్షమించకండి, అది మీరు ఇవ్వగలిగింది కాదు. భయం ఏమీ పోలేదు. కానీ ఈ సంగతి తెలిసినది ఇన్నాళ్ళూ నేనూ, ఆ గుర్రమూ. ఇప్పుడు మీకూ తెలుసు.