లక్ష కాలరీల గరిటె

1967 ఏప్రిల్ 11, మంగళవారం. ఎండ, వడగాలి. పొద్దున్నే ఎద్దుల తొట్టి కడిగినాను. మా సైన్సు అయ్యవారు పోయినారని నిన్న చిలమత్తూరు బస్సు కండక్టరు చెప్పిపోయినాడు. ఈ సాయంత్రం బడిలో సంతాప సభ జరిగింది. అధ్యక్షత మా పంచాయతీ ప్రెసిడెంటుది. మా రీడింగు రూము చేతిరాత పత్రిక చదివేవాళ్ళు అయ్యవారిని ఆ మనిషి మాటల్లో గుర్తుపెట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

నేను మూడో తరగతితో బడి మానినవాణ్ణి. పెద్దయినాక, సాయంత్రాలు బడి వరండాలో కూర్చోబెట్టి అయ్యవారే నాకు లెక్కలు చెప్పినారు. శక్తిని కొలిచే కొలతల్లో ఎర్గు అతి చిన్నది. దోమ రవ్వంత పైకి లేస్తే చాలు, ఒకటి ఖర్చు. ఆయన కాఫీ గ్లాసు నోటి దాకా ఎత్తి, "అరవై లక్షల ఎర్గులప్పా! జమీందారు ఖర్చు!" అనేవారు. తాగి మీసం తుడుచుకుని, "అన్నీ కలిపినా చిన్న కాలరీలో ఏడో వంతే" అని నవ్వేవారు. "పెద్ద అంకె చూసి దండం పెట్టొద్దు. ఏ కొలతో ముందు అడుగు" అని చెప్పేవారు.

కరువు ఏట సత్రంలో గంజి పోసినారు. మనిషికి పూటకొక గరిటె. గరిటెకు వంద పెద్ద కాలరీలు, అంటే లక్ష చిన్నవి అని డాక్టరు చెప్పిపోయినాడు. ప్రెసిడెంటు ఆ రెండో అంకె పట్టుకుని, చిన్న అనే మాట మింగి, "గరిటెకు లక్ష కాలరీలు" అని గోడ మీద రాయించినాడు. గంజి చాల్లేదన్నవాళ్ళను, "లక్ష తాగి ఇంకా ఆకలంటావేమే?" అని కసిరేవాడు. ఆ వరుసలో మా అమ్మ ఉండేది. వానలు వచ్చేసరికి లేదు.

ఒక పొద్దు అయ్యవారు వరుస పక్కన నిలబడి, "ఎర్గుల్లో రాయించన్నా, కోట్లకు కోట్లు అయితాది. ఇంక గంజి కాచే పనే ఉండదు" అన్నారు. ఆకలితో ఉన్న జనం కూడా నవ్వినారు. ఆ నెలలోనే ఆయనకు బదిలీ. "అయ్యవారికి సున్నాలు ఎక్కువై తల తిరిగింది" అని ప్రెసిడెంటు ఊరంతా చెప్పినాడు. ఊరు నమ్మింది.

ఈరోజు సభలోనూ అదే కూత. "అయ్యవారు మంచోడే, పాపం. లెక్కే తప్పేది."

నేను సభల్లో మాట్లాడేవాణ్ణి కాదు. లేచి ముందుకు పోయి నల్లబోర్డు మీద రాసినాను. పెద్ద కాలరీ ఒకటికి చిన్నవి వెయ్యి. గరిటెకు చిన్నవి లక్ష. కూలి మనిషికి దినానికి కావాల్సినవి ఇరవై అయిదు లక్షలు.

సత్రంలో గంజి కాచిన ముసలమ్మ వెనక నుంచి అరిచింది. "అంటే ఇరవై అయిదు గరిటెలా! నువ్వు పోయించింది పూటకు ఒకటి కదప్పా!"

ప్రెసిడెంటు నా దగ్గరికొచ్చి, "ఏమప్పా, సచ్చినోళ్ళ మీద ఇప్పుడు ఇదంతా యాల?" అన్నాడు.

"సచ్చినోళ్ళ మీద కాదు. బతికుండే నీ మీద."

భుజం మీది తువ్వాలు తీసి గబగబా బోర్డు తుడిచినాడు. అదే తువ్వాలుతో మొహం చెమట ఒత్తుకున్నాడు. నుదురు, మీసం, చెంపలు సుద్దతో తెల్లగా అయినాయి. ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అయ్యవారి పటం కింద కుర్చీలో, ఆ తెల్ల మొహంతోనే కడదాకా కూర్చున్నాడు. చివరి బెంచీలో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఇంటికొచ్చి, విత్తనానికి దాచిన చెనక్కాయలు వలిచిపెట్టి, దీపం దగ్గర ఇది రాయను కూర్చున్నాను.