శనివారం నాడు స్పార్క్ ప్లగ్గులు

ఈ రోజు మా బాపుతో స్పార్క్ ప్లగ్గులు కొనడానికి కరీంనగర్ బజారుకు వెళ్లి, నేను చదివిన బీఎస్సీని అక్కడే వదిలేసి వచ్చాను. రేపు తెల్లవారుజామున మా మేనబావను పెండ్లికొడుకుగా మెట్‌పల్లికి తీసుకుపోవాల్సింది మా పాత అంబాసిడరే. అది దగ్గుకుంటూ వచ్చి సరిగ్గా దుకాణం ముందే ఆగిపోయింది.

దుకాణదారు సరైన ప్లగ్గులు నాలుగు తీసి ముందు పెట్టాడు. బాపు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇయ్యాల శనివారం. ఇనుము కొనద్దు."

"బాపూ, రేపు పెండ్లి!"

"గందుకేరా. పెండ్లికి శనిని తోలుకపోదామా?"

ఆ తర్వాత బాపు శాస్త్రోక్తంగా ఒక ఉపాయం కనిపెట్టాడు. డబ్బాలన్నీ విప్పించి, తెల్లటి పింగాణీ ఎక్కువగా, ఇనుము తక్కువగా కనబడే ప్లగ్గులను ఏరాడు.

"పటేలా, గవి వేరే బండియి. మీదానికి పట్టయి," అని దుకాణదారు మొత్తుకున్నాడు.

"నువ్వు జర ఊకో. నేను కొనేది పింగాణీ."

అవి పట్టలేదు. సరైనవి తీసుకుందామంటే బాపు ససేమిరా అన్నాడు. రేపు దుకాణం తెరిచేసరికి ముహూర్తం దాటిపోతుంది. కాబట్టి బాసికం కట్టుకున్న మా బావకు ఎర్ర బస్సులో కిటికీ పక్క సీటు మీద తువ్వాలు వేసే బాధ్యత నాకు అప్పగించారు.

శనివారం ఇనుము కొనకూడదు, ఒప్పుకున్నాను. మరి కారెడు ఇనుమును మిట్టమధ్యాహ్నం ఇంటిదాకా కన్నకొడుకుతో తోయించవచ్చునా? శాస్త్రం తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి మా బాపుకు చెప్పండి.