కాళ్ళు ముంచుకున్న గ్రహాంతరవాసులు

తాను రాసిందల్లా అచ్చు కోసమే పుట్టిందనుకునే వయసు ప్రతి రచయితకూ ఒకటి వస్తుంది. నాకది తోటపల్లి గూడూరు పక్కన, రొయ్యల గుంతల నీళ్ళు పరీక్షించే చిన్న ల్యాబులో పనిచేస్తున్న రోజుల్లో వచ్చింది. పొద్దున నీళ్ళలో ఉప్పెంతో చూసేవాణ్ణి, మధ్యాహ్నం సైన్స్ ఫిక్షన్ చదివేవాణ్ణి. ఏ దేశంలో ఏ యేడు ఎవరికి ఏ అవార్డు వచ్చిందో, త్రుటిలో తప్పిపోయినవాళ్ళెవరో సహా అప్పజెప్పేవాణ్ణి (అడిగినవాళ్ళు లేరు, అది వేరే సంగతి). తెలుగులో ఈ తరహా కథల చరిత్ర ఎవరైనా రాస్తే ఒక అధ్యాయం నాదేనని గట్టి నమ్మకం. సరిగ్గా అప్పుడే నెల్లూరులో ఒక సాహితీ సంఘం సైన్స్ ఫిక్షన్ కథల పోటీ పెట్టింది. ఇంక నన్ను పట్టేదెవరు!

నా కథలో గురుగ్రహపు చందమామ ఒకదాని మీద, మంచు కింద సముద్రం, అందులో మాట్లాడే రొయ్యలు. వేరే గ్రహంవాళ్ళు దండెత్తి వస్తే, వాటి రాణి మనుషుల్ని నమ్మి, చివరికి ఊపిరాడక చచ్చిపోతుంది. రాసి నేనే ఏడ్చాను. ఇంకొకరు కూడా ఏడవాలి కదా, మా మేనమామకిచ్చాను. ఆయనకు సొంత గుంతలున్నాయి. మేతబస్తాల మీద అక్షరాలు తప్ప ఏవీ చదివి ఎరగడు. కట్ట మీది షెడ్డులో కూర్చుని, వేలు పెట్టి ఆసాంతం చదివి, కళ్ళజోడు తీశాడు.

"అల్లుడా, అంత మంచు కింద గాలెట్ట ఆడతాది? ఏరేటర్లు యాడ పెట్టినావు?"

"మామా, అది కల్పన."

"కల్పనైతే రొయ్యలకు గాలి అక్కర్లేదా? పన్నెండు పెట్టు. కరెంటు పోతే జనరేటరు రాసుకో. అదేంది, ఆ వేరే గ్రహమోళ్ళు నేరుగా కట్టెక్కేసినారు? తెగులు తెస్తే ఎవురు దిక్కు? కాళ్ళు ముంచి రమ్మను."

(మా గుంతల దగ్గర ఎంతటివాడైనా మందునీళ్ళ తొట్టిలో కాళ్ళు ముంచందే కట్టెక్కనివ్వరు.)

"వాళ్ళకి కాళ్ళు లేవు మామా."

"ఏవుంటే అవి ముంచమను!"

కుదరదన్నాను. వారం రోజులు కనిపించినప్పుడల్లా "పెట్టినావా?" అని అడిగాడు. పడలేక పెట్టాను. నీళ్ళలోకి గాలి చిలికే ఏరేటర్లతో, కాళ్ళు ముంచే తొట్టితో పాటు మేత వేళలు, పీతలు రాకుండా చుట్టూ వల కూడా వచ్చి చేరాయి. రాణి బతికిపోయింది. పదహారు పేజీల కథలో గ్రహాంతర యుద్ధానికి చివరికి పేజీన్నర మిగిలింది.

ఫలితాలు చెప్పే సభకు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. మామ ముందు వరసలో కూర్చున్నాడు. మూడు బహుమతులూ అయిపోయాయి, నా పేరు రాలేదు. న్యాయనిర్ణేతగారు ఇంకో కాగితం తీసి, "ఒకరు కథ అనుకుని రొయ్యల సాగు మీద చక్కని వ్యాసం పంపారు. వ్యవసాయ పత్రికకు పంపుకుంటే మేలు," అని నా పేరు చదివారు. హాలంతా ఘొల్లుమంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఇదంతా మామ చలవే అని పళ్ళు కొరుకుతుంటే, ఆయన కాస్తా లేచి నిలబడ్డాడు.

"వ్యాసం ఏంది సార్? కథే అది. మా అల్లుడు మొదట ఆ రాణిని చంపేసినాడు. రెండు దినాలు నాకు ముద్ద దిగలా. అందుకే గదా, పోరుపెట్టి ఏరేటర్లు పెట్టించినా!"

ఎవరూ నవ్వలేదు. న్యాయనిర్ణేతగారు కాగితాలు సర్దుకున్నారు.

ఆ తర్వాత చాలా కథలు రాశాను, ఒకటి రెండు బహుమతులూ వచ్చాయి. పాత్రల్ని ఏ గ్రహం మీద చంపినా "ముగింపు అదిరింది" అని మెసేజీ పెడతారు గానీ, అన్నం మానేసినవాళ్ళు మళ్ళీ కనబడలేదు. ఆ రోజు తిరుగుదారిలో మామ బండి వెనక కూర్చుని, అంత మంచి పాఠకుడి వీపు చూస్తూ దారంతా తిట్టుకున్న ఆ కుర్రవాడు గుర్తొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది.