‘మన ఇల్లు’ అన్నవాడు

ముసలితనంలో సొంత ఇంటి మీదే బతికే పద్ధతి ఒకటుందని నాకు ముందు చెప్పింది ఏ ఏజెంటూ కాదు, మా ఊరి శాఖా గ్రంథాలయం. నేను పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనిచేసినవాణ్ణి. బడి ఐదో తరగతితో ఆగింది. తర్వాత చదివిందంతా ఆ గ్రంథాలయం బల్ల దగ్గరే. వ్యాకరణం నుంచి ఆస్తి చట్టాల దాకా, అట్ట ఊడిన పుస్తకాన్ని కూడా వదల్లేదు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను.

రివర్స్ మార్ట్‌గేజ్ అంటారు దాన్ని. మామూలు ఇంటి అప్పులో ఇంటాయన నెలనెలా బ్యాంకుకి కడతాడు. ఇందులో బ్యాంకే ఇంటాయనకి నెలనెలా ఇస్తుంది. ఆయన ఆ ఇంట్లోనే ఉంటాడు. పోయాక ఇల్లు అమ్మి, ఇచ్చిందంతా వడ్డీతో సహా రాబట్టుకుంటారు. మాకు పిల్లలు లేరు. ఉన్న ఆదాయం మందులకే సరిపోవడం లేదు. నా ఊపిరితిత్తుల నిండా సున్నం దుమ్ము. నా భార్య నాకంటే చాలా చిన్నది. నేనే ముందు పోతానన్నది మా ఇంట్లో దాచుకునే సంగతేం కాదు. కాబట్టి ఏ స్కీము తీసుకున్నా నాకు కావలసింది ఒకటే: నేను పోయాక ఆవిడ ఆ ఇంట్లోనే ఉండాలి.

ఒక ప్రైవేటు ఫైనాన్సు కంపెనీ ఏజెంటు వచ్చాడు. గుమ్మంలో ‘నమస్తే సార్’ అన్నాడు. లోపలికొచ్చి, గోడ మీద బైబిలు వాక్యం ఉన్న క్యాలెండరు చూసి, ‘వందనాలండీ’ అన్నాడు. కుర్చీలో కూర్చునే లోపే మతం మార్చుకున్నాడు.

“ప్రార్థన చేసుకుని మొదలుపెడదామా సార్?” అని మా జవాబు వినకుండానే కళ్లు మూశాడు. “ప్రభువా, మన ఈ ఇంటిని ఆశీర్వదించు, మన ఈ ఫైలును త్వరగా ముందుకు నడిపించు...”

నా భార్య అలవాటుకొద్దీ కొంగు తలమీదికి లాక్కుని ఆమెన్ అంది. నలభై ఏళ్లుగా చర్చికి వెళుతున్నాను, ఫైలు కోసం ప్రార్థన అదే మొదటిసారి వినడం.

కళ్లు తెరిచి లేచాడు. వేళ్లతో గోడలు తట్టాడు. “మన గోడ గట్టిదే సార్. మన స్లాబు కూడా బాగుంది. మనం ఒక్క సంతకం పెట్టేస్తే మన డబ్బులు మన అకౌంట్లో పడతాయి.” అంతలో నాకు దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా ఆగి, ఎన్నాళ్ల నుంచి ఉందని అడిగాడు. చాలా ఏళ్ల నుంచన్నాను. సంతలో గేదె పళ్లు చూసి సంతృప్తి పడ్డవాడి మొహం పెట్టాడు.

నా భార్య టీ గ్లాసు ఇస్తూ, “మాయన పోయింతర్వాత నేను ఇంట్లోనే ఉండొచ్చా బాబూ?” అంది.

“ఎక్కడికి పోతారమ్మా? మన ఇల్లు!”

ఆవిడ మొహం విప్పారింది. “విన్నావుగా!” అంది నాతో.

విన్నాను. వ్యాకరణం చదివినవాడి చెవితో విన్నాను. వినేవాణ్ణి కలుపుకుంటే మనము, బయట నిలబెడితే మేము. ఈ తేడా అన్ని భాషల్లోనూ లేదని చదివి ఒకప్పుడు ఎంతో మురిసిపోయాను. అంత సన్నటి మాటని వీడు కిళ్లీలాగా నములుతున్నాడు.

“మన అంటే ఎవరెవరం?” అని అడిగాను.

“అంటే... మనమే సార్.”

“కాగితం మీద?”

“ఇల్లు మీ పేరున ఉంది కాబట్టి మీరొక్కరే సార్. అమ్మగారి వయసు తక్కువగదా, ఆవిడ్ని కలిపితే నెలకొచ్చేది బాగా తగ్గుద్ది. మనకెందుకు నష్టం?”

“మరి నేను పోయాక?”

“అయ్యో, అట్టా మాట్లాడమాకండి సార్! దేవుడు మీకు నిండు నూరేళ్లు ఇస్తాడు.”

“ఇచ్చాకే అడుగుతున్నా. నూట ఒకటో ఏట ఆవిడ ఎక్కడుంటది?”

“కంపెనీ కొన్ని నెలలు టైమిస్తుంది సార్. అప్పటి సంగతి మనం అప్పుడు చూసుకుందాం.”

“అప్పటికి నేనుండను. ఆవిణ్ణి కాగితంలోంచి నువ్వే బయటికి పంపిస్తివి. ఇక చూసుకునే ఆ ‘మన’లో నువ్వూ నీ కంపెనీయేగా మిగిలింది?”

నవ్వాడు. నిజంగానే నవ్వాడు, నేనేదో జోకు వేసినట్టు.

నా భార్య వాడి చేతిలోంచి సగం తాగిన గ్లాసు లాక్కుంది. “వచ్చిన కాడ్నించీ మన మన అంటంటే అందులో నేనూ ఉన్నాననుకున్నా. లే బాబూ, లే.”

“అమ్మగారూ, మన...”

“ఇంకోసారి ఆ మాటన్నావంటే చీపురు తిరగేస్తా.”

గేటు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి ‘వందనాలండీ’ అనే వెళ్లాడు. మోసగాళ్లని బట్టీల దగ్గర చాలామందిని చూశాను. కానీ కళ్లు మూసుకుని, మా ఆవిడ చేత ఆమెన్ అనిపించుకుని, ఫైలు పేరు చెప్పి నా చావు తొందరగా రావాలని అడిగినవాణ్ణి చూడలేదు. ఆ రోజు అన్నం సయించలేదు.

తర్వాత టౌన్లో ఒక బ్యాంకుకి వెళ్లాం. అక్కడ ఆఫీసరు ఒకమ్మాయి. తీపి మాటల్లేవు. ఇద్దరి పేరునా తీసుకుంటే ఇద్దరూ పోయేదాకా ఇంటి జోలికి రామంది. డబ్బు మాత్రం తక్కువొస్తుందంది. రేపు చుట్టాలెవరూ అడ్డురాకుండా ముందు సగం ఇల్లు ఆవిడ పేరున రాయించమంది. నేను అడిగిన ప్రశ్నలు విని, “ఇవన్నీ ఎక్కడ చదివారండీ?” అంది. చెప్పాను. కొంచెం ఎక్కువగానే చెప్పాను. తక్కువొచ్చినా అదే స్కీము ఖాయం చేసుకున్నాం.

రిజిస్ట్రారాఫీసు పక్కన దస్తావేజులు రాసే పెద్దాయన కాగితం చదివి వినిపించాడు. “నీవు నా భార్యవైనందున, నీయందు గల ప్రేమాభిమానములచేత, సదరు గృహములో సగభాగమును నీకు దానముగా...”

“దానమా?” అంది నా భార్య. “ఎవరికి?”

“మీకేనమ్మా.”

“మిరప కల్లాల్లో తొడిమలు తీసీ తీసీ, మంటకి రాత్రిళ్లు వేళ్లు మజ్జిగలో పెట్టుకుని, ఆ కూలితో ఇటుకలు కొన్నా. నాకు దానమిచ్చేదెవరు?”

“రాసే పద్ధతి అదేనమ్మా. పోనీ ఏం రాయమంటారు?”

“కట్టుకున్నందుకు అని రాయి.”

“అట్టా రాస్తే వాళ్లు తీసుకోరమ్మా.”

ఇద్దరూ నా వైపు చూశారు. నేను చదివిన చట్టాలన్నీ వెతుక్కున్నాను. ఆవిడ చెప్పినదానికి వాటిలో ఎక్కడా మాట లేదు. ఆమె ఇంటిని ఆమెకే ముష్టి వేస్తున్నట్టు రాసిన ఆ వాక్యాన్ని చూస్తే ఏజెంటు మీద పుట్టిన రోతే మళ్లీ పుట్టింది. ఈసారి తిట్టి పంపడానికి మనిషి కూడా లేడు. కింద ఉన్నది నా పేరే.

“దానమంటే దానమే కానీ,” అని ఆవిడ పెన్ను అందుకుంది. “నన్ను లేవగొట్టకుండా ఉంటే చాలు. పుచ్చుకున్నట్టు ఎక్కడ పెట్టాలి సంతకం?”

పెద్దాయన వేలుపెట్టి చూపించాడు. తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా, కాగితం అవతలికి అచ్చుపడేంత నొక్కి రాసింది.

“ఆ దానం ముక్క మాత్రం,” అంది నాతో, లేస్తూ, “ఇంటికి పోయాక నాకు మళ్లీ చదివి వినిపించమాక.”