మకరం కడుపులో పేగులు

అరవైల మొదట్లో, ఎనిమిదో తరగతి చదివే రోజుల్లో నాకు పొగరు కొంచెం ఎక్కువే. మా కోట ఊరి హైస్కూల్లో ఎగ్జిబిషన్ పెడుతున్నారని, ఏదైనా ఒక జంతువు లోపలి భాగాల బొమ్మ గీసి తెమ్మని సైన్సు టీచరమ్మ చెబితే క్లాసంతా కప్ప మీద పడింది. నేను మాత్రం మకరాన్ని గీస్తానన్నాను. శివాలయంలో అభిషేకం నీళ్లు బయటికొచ్చే తూముకు చెక్కి ఉంటుందే, ఏనుగు తొండం, మొసలి నోరు, చేప తోక, అదే. అందరూ నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. గీయమన్నారు. అయితే లోపల పెట్టిన ప్రతి భాగానికీ కారణం చెప్పాలి, చెప్పలేకపోతే బొమ్మ గోడకెక్కదు అని షరతు పెట్టారు.

పెరట్లో కూర్చుని గీశాను. తోక చేపది కాబట్టి మొప్పలు పెట్టాను. మిగిలిన చోటంతా పేగులు చుట్టలు చుట్టి నింపేశాను. పక్కనే అమ్మ బూడిద అద్ది చేపలు తోముతోంది. అమ్మకు చదువు రాదు, సంతకం కూడా రాదు. నా కాగితం వైపు తొంగి చూసి, తొండముండగా మొప్పలెందుకని అడిగింది. గాలి పీల్చేదైతే మేకకున్నట్టు లోపల ఊపిరితిత్తులుండాలి కదా అంది. నాకు ఒళ్లు మండింది, కానీ మాట నిజం. అంతటితో ఆగక కొరమీనునూ ఇంకో చేపనూ పక్కపక్కనే కోసి, పేగులు తీసి బండ మీద పరిచింది.

"చూడుమే. బురదా నాచూ తినేదానికి పేగు ఎంత పొడుగుండాదో. కొరమీను సాటి చేపల్ని మింగుతాది, దాని పేగు జానెడు. నీ మకరానికి అన్ని కోరలు పెట్టి ఇన్ని పేగులేందిమే?"

కోరలు లోపలికి వంగి ఉన్నాయి కాబట్టి అది నమలదట, పట్టి మింగుతుందట. అందుకని పొట్ట బాగా సాగాలట. పులుసులోకి చేపలు కోస్తూ ఇన్నేళ్లూ మా అమ్మ ఊరికే కోయలేదన్నమాట. నోరు తెరుచుకుని విన్నాను. రబ్బరు అరిగిపోయేదాకా చెరిపి మళ్లీ గీశాను.

మర్నాడు క్లాసులో కారణాలన్నీ గడగడా చెప్పేశాను. టీచరమ్మ ముఖం వెలిగిపోయింది. ఇవన్నీ ఎవరు చెప్పారని అడిగారు. మా అమ్మ అనడానికి నోరు రాలేదు. మళ్లీ నవ్వుతారనిపించింది. పుస్తకంలో చదివానన్నాను. బొమ్మ గోడకెక్కింది.

ఆదివారం పొద్దున టీచరమ్మ మా ఇంటికే వచ్చారు. ఆ పుస్తకం ఒకసారి చూసి ఇస్తానన్నారు. నేను తల దించుకున్నాను. అమ్మ కత్తిపీట ముందు నుంచి లేచి నన్నొకసారి చూసింది. ఆమెకు సంగతి అర్థమైపోయింది.

"పోయిన వానకు తడిసి పాడైపోయినాది టీచరమ్మా," అంది.

తను చెప్పిన మాటలన్నిటినీ అసలు లేనే లేని పుస్తకానికి ఇచ్చేసింది. సిగ్గుతో చచ్చిపోయాను. పుస్తకం లేదని, అంతా మా అమ్మే చెప్పిందని ఏడుస్తూ అనేశాను.

టీచరమ్మ కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని బండ పక్కన కూర్చున్నారు. ఎవరూ చూడని జంతువు కడుపులో ఏముందో ఎలా తెలిసిందమ్మా అని అడిగారు. అమ్మ పొలుసులంటిన చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నోరు చూస్తే తెలస్తాది గదమ్మా, ఏం తింటాదో. పొట్ట దాన్నిబట్టే ఉంటాది."

సోమవారం బొమ్మ కింద నా పేరు పక్కన అమ్మ పేరు నేనే రాశాను. సాయంత్రం ఎగ్జిబిషన్ చూడ్డానికి అమ్మ వచ్చింది. ఆ అక్షరాల్లో తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది.