పదహారో సంతకం

రాజమండ్రి దానవాయిపేటలో ఇరవై నాలుగు ఫ్లాట్ల అపార్టుమెంటు అది. కట్టినప్పటినుంచీ, అంటే తొమ్మిదేళ్లుగా, అక్కడ మీటింగంటే మగవాళ్లు సెల్లారులో కుర్చీలేసుకు కూర్చోవడం, ఆడవాళ్లు పైనుంచి బజ్జీలు పంపడం. ఫ్లాటు ఎవరి పేరనుందో ఎవడడిగాడు? పసుపుకుంకుమ కింద పుట్టింటివాళ్లిచ్చిన పొలం అమ్మి పెళ్లాం పేర కొన్నా సరే, కుర్చీ మాత్రం మొగుడిదే.

సీతారామలక్ష్మిదీ అదే వరస. కోనసీమలో వాళ్ల నాన్నగారిచ్చిన కొబ్బరితోట అమ్మితేనే ఆ ఫ్లాటొచ్చింది. పెళ్లయి ఇరవై ఆరేళ్లు. భర్త వేంకటేశ్వర్లు "ఇక్కడ పెట్టు" అని వేలు చూపించిన చోటల్లా, చదవకుండా సంతకం పెట్టిన మనిషి.

ఆవిడకంటూ ఉన్నది అపార్టుమెంటు పైనున్న ఆ మేడొక్కటే. ఎండాకాలమంతా అక్కడ గుమ్మడి వడియాలు, సగ్గుబియ్యం వడియాలు పెట్టి ఎండబెట్టి అమ్మేది. ప్రెసిడెంటు ఆంజనేయరాజు గారి భార్య రత్నమాణిక్యం కూడా తెల్లారేసరికి కొంగు దోపుకుని వచ్చి పక్కన కూర్చునేది. ఎవరి ముందూ చెయ్యి చాపక్కర్లేని బతుకు సీతారామలక్ష్మికి ఆ మేడ మీదే దొరికింది. ఇప్పుడా మేడని సెల్ టవరు కంపెనీకి ఇచ్చేస్తారట. ఈ ఆదివారం తీర్మానం కాకపోతే కంపెనీవాళ్లు పక్క బిల్డింగు చూసుకుంటారు.

"మెయింటెనెన్సు తగ్గుతుందే. నీ వడియాలదేముంది?" అన్నాడు వేంకటేశ్వర్లు.

ఏముందా? ఆవిడకి ఒళ్లు మండింది. బీరువాలో దస్తావేజు వెతికితే దాని కిందే అసోసియేషన్ రూల్సు పుస్తకం దొరికింది. రెండు మధ్యాహ్నాలు కూర్చుని చదివింది. తీర్మానం చెల్లాలంటే పదహారు మంది ఓనర్లు హాజరవ్వాలి. ఓనరంటే దస్తావేజులో పేరున్న మనిషి. బదులుగా ఎవరొచ్చినా ఆ మనిషి రాసిచ్చిన కాగితం తేవాలి.

ఆదివారం పది గంటలకి ఆంజనేయరాజు గారు తలలు లెక్కపెట్టారు. "పదహారు. కోరం సరిపోయిందండి. ఇంక చేతులెత్తడమే."

సీతారామలక్ష్మి మెట్లు దిగుతూ వచ్చి ఆఖరి మెట్టు మీద ఆగిపోయింది. "పదిహేనేనండి. మా ఫ్లాటు నా పేరనుంది. ఆయనకి నేనేం రాసివ్వలేదు."

వేంకటేశ్వర్లు మొహం కందగడ్డయింది.

రాజుగారు రూల్సు తిరగేసి చూశారు. తెలివైన మనిషి, వెంటనే నవ్వారు. "నిజమేనమ్మా. అయితే మీరే దిగి రండి, కుర్చీ వేయిస్తాను. వద్దనే చెప్పండి, రాసుకుంటాం."

దిగితే తనే పదహారో మనిషి. కోరం కుదిరిపోతుంది. పన్నెండుమంది చేతులెత్తడానికి సిద్ధంగా ఉన్నారు, తన ఒక్క 'వద్దు' ఏ మూలకి?

"నేను మీటింగుకి రాలేదండి. మెట్ల మీద నిలబడ్డాను," అంది.

వేంకటేశ్వర్లు లేచాడు. చిట్టా పుస్తకంలోంచి ఓ కాగితం చింపి, గబగబా రెండు ముక్కలు రాసి, పెన్నుతో సహా ఆవిడ ముందు పెట్టాడు. "నలుగుర్లో పరువు తియ్యకు. ఇక్కడ పెట్టు," అన్నాడు మెల్లగా.

అలవాటుగా ఆవిడ చెయ్యి పెన్ను దాకా వెళ్లింది. ఇరవై ఆరేళ్ల అలవాటు, ఊరికే పోతుందా? అందరూ ఆ చెయ్యినే చూస్తున్నారు. ఆవిడ పెన్ను అందుకుంది, మూత పెట్టింది, ఆయన చొక్కా జేబులో గుచ్చింది.

"పోనీలెండి," అన్నారు రాజుగారు, ఈసారి నవ్వకుండా. "మిగతావాళ్లు ఊళ్లో లేరు గానీ, మూడో అంతస్తు డాక్టరు గారు ఇంట్లోనే ఉన్నారు. ఆయన్ని పిలవండి, పదహారవుతారు."

సీతారామలక్ష్మి అంతా అయిపోయిందనుకుంది.

అప్పుడు పైమెట్ల మీంచి బజ్జీల పళ్లెంతో దిగుతున్న రత్నమాణిక్యం ఆగింది. "ఏవండీ, మన ఫ్లాటూ నా పేరనే కదండీ," అంది. "నేనూ దిగట్లేదు." పళ్లెం పట్టుకుని అలాగే వెనక్కి ఎక్కిపోయింది.

రాజుగారు లెక్కలోంచి పోయారు కాబట్టి డాక్టరు గారొచ్చినా పదిహేనే. మీటింగు ఆగిపోయింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర పప్పులోకి ఆవిడ వడియాలు వేస్తే వేంకటేశ్వర్లు వద్దనలేదు. చివరికి తలెత్తకుండా అడిగాడు. "ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టేదానివి. ఇవాళేమొచ్చింది నీకు?"

"ఇవాళ చదివానండి," అంది సీతారామలక్ష్మి.