కాలువకు చూపించే మంచినీళ్లు

మార్కాపురం మురికికాలువల మీద సువార్తమ్మకున్నంత అధికారం ఎవరికీ లేదు. పెద్దకాలువ పక్క వీధులు ఊడ్చే మనిషి. చీపురు పట్టిన ఆ చేతికి హైమావతి గాజుసీసాలు అప్పగించిననాడు ఆమె సంబరం ఇంతా అంతా కాదు. హైమావతి పట్నం ల్యాబులో పనిచేసే పిల్ల. మనం వాడే సబ్బులు, మందుబిళ్లలు, ప్లాస్టిక్కుల్లోంచి కొన్ని రసాయనాలు కాలువలో కలుస్తాయనీ, అవి ఒంట్లో హార్మోన్లను తికమకపెడతాయనీ, ఎంతున్నాయో కొలవాలనీ చెప్పింది. సువార్తమ్మ వారం వారం నీళ్లు పట్టి పంపాలి. ఆ పనికి వెళ్లేటప్పుడు చర్చికి కట్టే చీరే కట్టేది, ఎవరేమనుకున్నా సరే.

పెట్టెలో ఒక సీసా మాత్రం ల్యాబులో నింపిన స్వచ్ఛమైన నీళ్లతో వచ్చేది. దాన్ని కాలువ గట్టున మూత తీసి, కాసేపుంచి, బిగించి పంపాలి. దారిలో, చేతుల్లో వేరే ఏదీ కలవలేదనడానికి అది రుజువట. ఇదెక్కడి చోద్యం! ట్యాంకరు కోసం బిందెలు వరసన పెట్టే ఊళ్లో మంచినీళ్లను కాలువకు చూపించి వెనక్కి పంపడమా?

ఆ ఏప్రిల్ ఎండకు, తనతో వీధులు ఊడ్చే కోటమ్మ కళ్లు తిరిగి గట్టున కూలబడింది. సువార్తమ్మ వెనకాముందూ చూడకుండా ఆ సీసా ఎత్తి తాగించింది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఒకరి గిన్నెను ఖాళీగా తిప్పిపంపడం ఆమె ఎరగదు. పచ్చడి గిన్నె వస్తే పిడికెడు చక్కెరైనా వేసి పంపే మనిషి! మిద్దె మీది నీలం ప్లాస్టిక్ డ్రమ్ములోంచి సీసా నిండా పట్టి, తుడిచి మరీ పెట్టెలో పెట్టింది.

కొన్నాళ్లకు హైమావతి ఫోన్ చేసింది. మంచినీళ్ల సీసాలోనే ప్లాస్టిక్ రసాయనాలు కనిపించాయట. ఆ వారం శాంపిళ్లన్నీ పారబోయాల్సిందే. సీసాలు అమ్మినవాళ్ల తప్పే అయి ఉంటుందని ఆమె అనుమానం. నోరు మూసుకుంటే సువార్తమ్మ పని పోకుండా ఉంటుంది. చెబితే మళ్లీ సీసా చేతికిస్తారా?

"వాళ్ల తప్పు కాదు హైమమ్మా. కోటమ్మ పడిపోతే నేనే తాపినా. ఖాళీ సీసా ఎట్ల పంపేదని మా డ్రమ్ము నీళ్లు పోసినా," అంది.

అవతల ఒకటే నవ్వు. డ్రమ్మును ఎండలో పెట్టొద్దని, తాగే నీళ్లు స్టీలు బిందెలో పట్టుకోమని గట్టిగా చెప్పింది హైమావతి. పని సంగతి మాత్రం ఎత్తలేదు. వారమంతా సువార్తమ్మకు ముద్ద దిగలేదు.

శనివారం బస్సులో పెట్టె వచ్చింది. సీసాలన్నీ ఉన్నాయి, కాలువకు చూపించే మంచినీళ్లతో సహా. పక్కనే కొత్త స్టీలు సీసా, నిండుగా. దానిమీద కాగితం అంటించి ఉంది: "ఇది కోటమ్మక్క తాగడానికి. ఖాళీగానే పంపండి."

సువార్తమ్మ కళ్లు తుడుచుకుంది. అన్నీ చెప్పినట్టే చేసింది, ఆ చివరి మాట తప్ప. ఖాళీగా పంపడానికి చేతులు రావద్దూ! స్టీలు సీసా తిరుగు బస్సులో వేయించిన శెనక్కాయ పప్పులతో గలగలలాడుతూ వెళ్లింది.